ఖాళీ అంటే గిట్టని జోగారావు బాబాయ్

మా జోగారావు బాబాయ్‌కి ఫోటోలో ఖాళీ చోటు కనబడకూడదు. కనబడిందా, అందులో ఏదో ఒకటి పెట్టేదాకా ఆయనకి అన్నం సహించదు. మనిషి తల పక్కన నాలుగు వేళ్ళ జాగా మిగిలితే అక్కడో కొబ్బరిచెట్టు మొలుస్తుంది. ఆకాశం బోసిగా ఉంటే కొంగలు ఎగురుతాయి. గోడ బోసిగా ఉంటే దానికో గడియారం వేలాడుతుంది. ఆ గడియారంలో ఎప్పుడూ పదీ పదే. ఆయన దగ్గరున్న గడియారం బొమ్మ అదొక్కటే మరి.

బాబాయ్ అంటే నాకు సొంత బాబాయ్ కాడు. ఆయనది చీపురుపల్లి, మాది రాజాం. సికింద్రాబాద్ వచ్చాక ఆ రెండూళ్ళ మధ్య దూరం లెక్కలోకి రాదు కనుక కలిసిన మొదటిరోజే వరస కలిపేసుకున్నాం. మారేడ్‌పల్లిలో వీరయ్యగారి ఇంట్లో మేడమీద పోర్షన్‌లో ఆయనా, లోవమ్మ పిన్నీ ఉండేవారు. పక్కనున్న ఒంటిగదిలో నేను. ఎంఎంటీఎస్ రైళ్ళు కొత్తగా తిరుగుతున్న రోజులవి. అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా పైన ఓ కంప్యూటర్ కోర్సు ఉండేది. ఊరంతా కంప్యూటర్ కొంటుంటే తను కొనకపోతే బావుండదని బాబాయ్ కూడా పార్క్‌లేన్‌కి వెళ్ళి కంప్యూటరూ స్కానరూ పట్టుకొచ్చాడు. స్కానర్‌తోపాటు ఊరికే ఇచ్చిన సీడీలో ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అదే కొంప ముంచింది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద విద్యలేం లేవు. బొమ్మ చుట్టూ గీత గీసి కత్తిరించడం, ఇంకోచోట అతికించడం, పక్కనున్న రంగు తెచ్చి పూయడం, వెలుతురు పెంచడం. అంతే. బాబాయ్‌కి అదే చాలు. ఆయన అప్పటికి ముప్పయ్యేళ్ళుగా సికింద్రాబాద్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో పనిచేస్తున్నాడు. మామిడిపళ్ళ బుట్టల మధ్య సందు మిగిలితే అందులో సైకిలు దూర్చి, సైకిలు పక్కన సందు మిగిలితే అందులో పూలబుట్ట దూర్చి రైలెక్కించిన మనిషి.

"పార్సిల్ వ్యాన్‌లో ఖాళీ ఒగ్గేస్తే రైల్వేకి నష్టం. ఫోటోలో ఖాళీ ఒగ్గేస్తే కంటికి నష్టం. రెండూ ఒకటేరా సూరీ" అనేవాడు నాతో.

ఆ సిద్ధాంతానికి మొదట బలైనవాణ్ణి నేనే. డాక్టర్ల మాటలు విని టైపు చేసే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటూ, పాస్‌పోర్ట్ సైజు ఫోటో కాస్త వెలుతురు పెంచి ఇమ్మన్నాను. కవర్లో పెట్టి ఇచ్చాడు. చూసుకోకుండా అతికించి పంపడం నా తప్పే. ఇంటర్వ్యూలో పెద్దాయన నా ఫోటోని కళ్ళజోడుతో ఒకసారి, కళ్ళజోడు తీసి ఒకసారి చూశాడు.

"ఏంటివి?" అన్నాడు.

"కొబ్బరిచెట్లండి."

"ఎందుకు?"

"నా తలకి రెండుపక్కలా ఖాళీ ఉందండి."

ఆయన పక్కగది వాళ్ళని కూడా పిలిచి చూపించి, కడుపు పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఇవాళ చూసిన ఎనభై మొహాల్లో నీదొక్కటే గుర్తుందయ్యా" అని ఉద్యోగం ఇచ్చేశాడు. ఆ ఉద్యోగం తనవల్లే వచ్చిందని బాబాయ్ ఇప్పటికీ అందరికీ చెప్తాడు. కాదనడానికి నాకు ఆధారం దొరకలేదు.

పిన్ని సంగతి ఇంకా అన్యాయం. పెళ్ళైన కొత్తలో విశాఖ బీచిలో ఇద్దరూ తీయించుకున్న ఫోటో ఒకటుంది. సముద్రం ఖాళీగా ఉందని మొదట పడవ పెట్టాడు. పడవ చిన్నదైపోయిందని ఓడ పెట్టాడు. ఓడకీ ఒడ్డుకీ మధ్య ఇంకా చోటుందని ఏకంగా రైలు నడిపేశాడు, ఇంజనుతో సహా.

"ఏటిది? నీళ్ళమీద రైలేటి? నా ఎనకమాలే వచ్చేస్తన్నాది!" అని పిన్ని గగ్గోలు పెట్టింది.

"భయపడకే. గూడ్సు బండి. మెల్లిగా వస్తాది" అన్నాడు బాబాయ్.

ఇన్నిట్లోకీ ఆయనకి ఇష్టమైన సరుకు కన్నబాబు. కన్నబాబు పిన్ని తమ్ముడు, అనకాపల్లిలో ఉంటాడు. గృహప్రవేశం రోజు తెల్లగోడ ముందు జిలేబీ పళ్ళెం పట్టుకుని నిలువెత్తున ఫోటో దిగాడు. వెనక తెల్లగోడ కదా, చుట్టూ గీత గీసి కత్తిరించడం సులువు. ఇక ఎవరి ఫోటోలో మనిషంత ఖాళీ ఉన్నా అందులో కన్నబాబే. రైల్వే యూనియన్ సభలో వేదికమీద జిలేబీ పళ్ళెంతో కన్నబాబు. పక్కవీధివాళ్ళ కాశ్మీర్ యాత్రలో మంచుకొండ మీద జిలేబీ పళ్ళెంతో కన్నబాబు. అనకాపల్లి దాటని మనిషిని దేశమంతా తిప్పాడు మా బాబాయ్.

ఇలా నవ్వుకుంటూ రోజులు గడుస్తుండగా వీరయ్యగారి వ్యవహారం వచ్చిపడింది.

వీరయ్యగారు మా ఇంటి ఓనర్. మోండా మార్కెట్లో ఇత్తడి సామాన్ల దుకాణం. మంచివాడే, కానీ తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఆయనకి ఒక్కతే కూతురు, సృజన. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తనతో పనిచేసే నోవహు అనే అబ్బాయిని ఇష్టపడి, తండ్రి ససేమిరా అంటే రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి చేసుకుని తార్నాకలో కాపురం పెట్టింది. మారేడ్‌పల్లికీ తార్నాకకీ బస్సులో పావుగంట. ఆ పావుగంట దూరాన్ని వీరయ్యగారు ఏడు సముద్రాలు చేసేశారు. కూతురి పేరు ఇంట్లో ఎత్తడానికి వీల్లేదు. ఆయన భార్య విజయమ్మగారు పాలపాకెట్ తెస్తానని బయల్దేరి ఎస్టీడీ బూత్‌లో బిడ్డతో మాట్లాడి, చాలాసార్లు పాలు మర్చిపోయి తిరిగొచ్చేవారు.

ఒక ఆదివారం పొద్దున్నే వీరయ్యగారు హాల్లో వేలాడే పెద్ద ఫోటో చంకలో పెట్టుకుని మేడెక్కారు. వెనకే వచ్చిన విజయమ్మగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. నేనప్పుడు బాబాయ్ దగ్గర కాఫీ తాగుతున్నాను. ఫోటోలో కుడివైపు కుర్చీలో వీరయ్యగారి తల్లి కూర్చుని ఉంది. ఎడమవైపు ఆయనా భార్యా. మధ్యలో వెనక సృజన నిలబడి, తండ్రి భుజంమీద చెయ్యేసి నవ్వుతోంది.

"జోగారావూ, నీ కంప్యూటర్ల వెట్టి గీ పోరిని తీసెయ్యి" అన్నారు వీరయ్యగారు.

బాబాయ్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నేను పెట్టేవాణ్ణి గానీ తీసేవాణ్ణి కాదండీ."

"ఎవలన్న ఇంటికొస్తే మీ బిడ్డేదని అడుగుతుండ్రు. ఏం జెప్పాలె? ఫొటువ పారేద్దమంటె మా అమ్మున్నది అండ్ల. పోయిన నెలనే పాయె ముసలామె. ఇంకో ఫొటువ లేదు. కత్తెర వెడ్తే అమ్మొక తట్టు, నేనొక తట్టు అయితం. నువ్వే జెయ్యాలె."

"కోపంలో ఉన్నారు. నాల్రోజులు పోనిచ్చి..."

"తీసినంక అసలు ఫొటువ చింపెయ్యి. నా కండ్లకు గానొద్దు. చేస్తవా, పోర్షన్ ఖాళీ చేస్తవా?"

గుమ్మంలో విజయమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ కళ్ళు బాబాయ్‌ని వద్దని బతిమాలుతున్నాయి. నాకు వీరయ్యగారిమీద ఒళ్ళు మండింది గానీ, అద్దెకున్నవాడి కోపం మెట్లు దిగదు కదా. బాబాయ్ ఆవిడ వంకా, ఫోటో వంకా చూసి, "సరేనండీ, చేస్తాను" అన్నాడు. మొదటిసారి ఆయన నాకు నచ్చలేదు.

వారం తిరక్కుండా మొదటి ప్రింటు తయారైంది. సృజన ఉన్నచోట తెల్లగా మనిషి ఆకారంలో ఓ కన్నం. వీరయ్యగారి భుజంమీద మాత్రం చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఏందయ్యా ఇది? దయ్యం లెక్కున్నది! గీ చెయ్యెవలిది?"

"అది తీస్తే మీ భుజం కూడా వచ్చేస్తందండీ. భుజం లేకపోతే మీరు పడిపోయినట్టుంటారు."

"మరి గీ తెల్లగున్నదేంది?"

"మనిషిని తీస్తే ఎనకాల ఏటుందో కంప్యూటర్‌కి తెలీదు కదండీ. నాలుగు రోజులు ఆగండి, నింపేస్తాను."

నింపాడు. ఎవరితో నింపాడో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

"గీ జిలేబీల మనిషెవడయ్యా మా ఇంట్ల!" అని వీరయ్యగారు పెట్టిన కేక మా వీధి చివర చాకలిబండి దాకా వినిపించింది. సరిగ్గా చూసుకోకుండా తగిలించేసిన ఆ ఫోటో అప్పటికే మూడు రోజులుగా హాల్లో ఉంది. ఇత్తడి బేరానికి వచ్చిన మోండా మార్కెట్ మిత్రుడొకాయన కన్నబాబుని చూసి, "అల్లుడా? మంచిగున్నడు, జెర తిండిపోతు లెక్కున్నడు" అన్నాడట. కాదు అల్లుడు వేరే అని చెప్పబోయి, వీరయ్యగారు నాలుక కరుచుకుని ఇత్తడి బేరం ఎత్తుకున్నారట.

తర్వాత బీరువా పెట్టాడు. హాలు మధ్యలో అమ్మకీ కొడుక్కీ నడుమ బీరువా ఏమిటని వచ్చినవాళ్ళంతా అడిగారు. భుజంమీది చెయ్యి బీరువాలోంచి వస్తున్నట్టుందని పిల్లలు జడుసుకున్నారు. తర్వాత పూలకుండీ వచ్చింది. ఆ తర్వాత జలపాతం. "ఎప్పుడు వొయ్యిండ్రు ఊటీ?" అని బంధువులు ఆరా తీశారు. కూతుర్ని దాచడానికి దిద్దించిన ఫోటో కాస్తా, వచ్చిన ప్రతివాడిచేతా "ఈడ ఎవలుండె?" అని అడిగించే ఫోటో అయి కూచుంది. పేరెత్తొద్దన్న మనిషే రోజుకి నాలుగుసార్లు ఆ పేరు చెప్పుకోవలసి వచ్చింది.

"గోడకి ఆకుపచ్చ రంగే కదా బాబాయ్. పక్కనున్న రంగు తెచ్చి పూసేస్తే పోదా?" అని ఒకసారి అడిగాను.

"నీకు తెలీదొరే. గోడకి నీడలుంటాయి" అన్నాడు. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ వాణ్ణి, నీడల సంగతి నాకేం తెలుసు? ఊరుకున్నాను.

వీరయ్యగారు ఊరుకోలేదు. దగ్గర కూచుని చేయించుకుంటే తప్ప ఈ మనిషి దారికి రాడని ఆదివారం ఆదివారం మేడెక్కడం మొదలుపెట్టారు. పిన్ని ఆయనకి స్టూలు వేసి, ఉల్లిపకోడీ పెట్టేది. బాబాయ్ అసలు ఫోటో తెరిచి, సృజన మొహాన్ని తెరంతా నిండేట్టు పెద్దది చేసేవాడు.

"అంచులు సరిగ్గా కనబడాలి కదండీ. ఇది నీడేటండీ, మచ్చేటండీ?"

"మచ్చ" అన్నారు వీరయ్యగారు ముక్తసరిగా.

"చెరిపేస్తాను. దేని మచ్చేటి?"

"మూడేండ్లప్పుడు ఉయ్యాలల కెల్లి పడ్డది. నేనే ఎత్తుకొని ఉరికిన గాంధీ దవాఖానకు. చెప్పుల్లేకుండ ఉరికిన."

"అయ్యో. మరి ఈ గొలుసు?"

"గది టెన్త్‌ల ఫస్టుక్లాసొస్తే నేను చేయించింది."

ఒక్కో అంచూ గీయడానికి ఒక్కో ఆదివారం పట్టేది. అంచుకో కథ. పోయిన వారం గీసిన గీత ఈ వారానికి ఎలా మాయమైపోయేదో, మళ్ళీ మొదటికొచ్చేవారు. పకోడీలు చల్లారిపోయేవి. కొన్నాళ్ళకి వీరయ్యగారు గీతల సంగతి అడగడమే మానేశారు. ఒకసారి ఆయనే మౌస్ పట్టుకుని కూతురి మొహాన్ని ఇంకా కొంచెం పెద్దది చేసుకోవడం నేను తలుపు సందులోంచి చూశాను.

అయినా నోటితో మాత్రం దిగిరాలేదు. పదకొండు నెలలు గడిచాయి. తల్లి సంవత్సరీకం దగ్గరపడింది. చుట్టాలంతా వస్తారు. ముందురోజు సాయంత్రం వీరయ్యగారు పైకొచ్చి ఖరాఖండీగా చెప్పేశారు.

"రేపు పొద్దుగాల గోడకు మంచి ఫొటువ ఉండాలె. జలపాతాలొద్దు, జిలేబీలొద్దు. లేకుంటె ఒకటో తారీకు నాడు పోర్షన్ ఇడిసిపెట్టున్రి. పదకొండు నెలల సంది పరేషాన్ అయితున్న నేను."

పిన్ని మొహం పాలిపోయింది. బాబాయ్ రిటైరవడానికి ఇంకా రెండేళ్ళు, స్టేషన్‌కి నడిచి వెళ్ళే దూరంలో ఇల్లు. ఇప్పుడెక్కడికి పోతారు? బాబాయ్ మాత్రం సొరుగు లాగి ఒక కవర్ తీసి ఆయన చేతిలో పెట్టాడు.

వీరయ్యగారు ఫోటో బయటికి తీశారు. నేను ఆయన భుజంమీంచి తొంగి చూశాను. జోగారావు బాబాయ్ చేసిన ఫోటోలో ఏమీ పెట్టకపోవడం నేను చూడటం అదే మొదలు. కొండా లేదు, కుండీ లేదు, గడియారమూ లేదు. కుర్చీల మధ్య శుభ్రమైన ఆకుపచ్చ గోడ. వీరయ్యగారి చొక్కా భుజం ఇస్త్రీ చేసినట్టు చక్కగా ఉంది. అక్కడో ఆడపిల్ల నిలబడిందని దేవుడొచ్చినా చెప్పలేడు.

వీరయ్యగారు చాలాసేపు చూశారు. మెల్లిగా తన భుజం తడుముకున్నారు.

"చెయ్యేది?" అన్నారు.

"తీసేశానండీ."

"ఎందుకు దీసినవ్?"

"మీరే కదండీ తీసెయ్యమన్నారు."

"పెట్టు. మళ్ల వెట్టు."

"చెయ్యొక్కటీ ఎలా పెడతానండీ, మనిషి లేకుండా?"

వీరయ్యగారు స్టూలుమీద కూలబడ్డారు. పెద్దమనిషి, బజార్లో పదిమందిని అదిలించే మనిషి, పిల్లాడిలా బిక్కమొహం వేశారు. "కంప్యూటర్లది గాదు, అసలు ఫొటువ... చింపమంటి గద నేను. చింపేసినవా?" గుమ్మంలోకి ఎప్పుడొచ్చారో, విజయమ్మగారు నిలబడి ఉన్నారు.

బాబాయ్ తాపీగా లేచి, బీరువా మీంచి గోనెగుడ్డలో కుట్టిన ఓ కట్ట దింపాడు. మీద నల్ల సిరాతో పెద్ద అక్షరాలు: పంపినవారు వీరయ్యగారు, చేరవలసినది వీరయ్యగారికి.

"ముప్పయ్యేళ్ళ నుంచీ పార్సిల్ ఆఫీసులో చేస్తున్నానండీ. సొంతదారు వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళేదాకా సరుకుని పారెయ్యడం మాకు అలవాటు లేదు" అన్నాడు. నిజంగానే ఒక కాగితమూ పెన్నూ ముందు పెట్టాడు. వీరయ్యగారు సంతకం పెట్టి, కుట్లు పళ్ళతో తెంపి, అసలు ఫోటో ఒళ్ళో పెట్టుకున్నారు.

"విజయా, ఫోన్ చెయ్యి దానికి. రేపు నాయనమ్మ సంవత్సరీకం, పొద్దుగాల్నే రమ్మను" అన్నారు. ఫోటో తుడుస్తూ, "ఒక్కతె వస్తె ఏం బాగుంటది? ఆ పిలగాణ్ణి సుత తోలుకరమ్మను" అన్నారు. విజయమ్మగారు ఎస్టీడీ బూత్ దాకా వెళ్ళే అవసరం లేకుండా, సొంత ఇంట్లో సొంత ఫోన్ దగ్గరికి పరిగెత్తారు. మెట్లమీద ఆవిడ అడుగుల చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అంత సంతోషపు చప్పుడు నేను మళ్ళీ వినలేదు.

మర్నాడు ఏడింటికల్లా సృజన వచ్చింది, వెనకే బెరుగ్గా నోవహు. భోజనాల దగ్గర వీరయ్యగారు ఆ అబ్బాయి విస్తట్లో రెండోసారి గారెలు వెయ్యించి, వెయ్యించింది తను కాదన్నట్టు అటు తిరిగారు. సాయంత్రానికి ఇత్తడి బిందెల రకాలు వివరిస్తున్నారు. నోవహు ఒక్క ముక్కా అర్థం కాకపోయినా తలూపుతూనే ఉన్నాడు. అల్లుడికి కావలసిన మొదటి అర్హత అదే.

నెల తర్వాత బాబాయ్ కంప్యూటర్ మొరాయిస్తుంటే ఫైళ్ళు సీడీలోకి ఎక్కించడానికి నన్ను పిలిచాడు. వీరయ్యగారి ఫోటోలు ముప్పైరెండున్నాయి. కన్నం, కన్నబాబు, బీరువా, జలపాతం. ఆకుపచ్చ గోడ ఫైలు తారీకు చూసి, నా కళ్ళు నేను నమ్మలేకపోయాను. అది అన్నిటికంటే ముందుది. వీరయ్యగారు ఫోటో తెచ్చిన ఆదివారం సాయంత్రం ఆరున్నరకి పూర్తయింది.

"బాబాయ్! మొదటిరోజే ఇంత బాగా చేసి, పదకొండు నెలలు మమ్మల్నందర్నీ ఏడిపించావా?"

బాబాయ్ దొరికిపోయిన దొంగలా అటూ ఇటూ చూశాడు. "ఆరోజే ఇచ్చుంటే ఏటయ్యేదిరా? గోడకి తగిలించేసి మర్చిపోయేవారు. కోపంలో ఉన్నవాడికి ఖాళీ బాగానే కనబడతాది. కోపం చల్లారాక చూపించాలి."

"మరి పోర్షన్ ఖాళీ చేయిస్తానన్నారుగా. భయం వెయ్యలేదా?"

"వేసింది. రోజూ వేసింది. మీ పిన్నికి చెప్పకు, అల్వాల్‌లో రెండిళ్ళు చూసొచ్చాను కూడా."

ఖాళీ వదలడం చేతకాని మనిషని ఇన్నాళ్ళూ ఎంత వెక్కిరించాను! నా నెత్తిమీద నేనే రెండు మొట్టుకోవలసింది, మొహమాటపడ్డాను.

అప్పుడే కిందనుంచి వీరయ్యగారు మేడెక్కి వచ్చారు. చంకలో అదే ఫోటో. మొహం వెలిగిపోతోంది.

"జోగారావుగారూ, జెర పనివడ్డది. గీ ఫొటువల మా అల్లుణ్ణి సుత జేర్చాలె. మా అమ్మ పక్కన. ముసలామె చూడకుండనే పాయె పిలగాణ్ణి."

బాబాయ్ స్కేలు తీసి కొలిచాడు. ఆయన కళ్ళల్లో మెరుపు చూడాలి. "అమ్మగారి పక్కన రెండంగుళాలుందండీ. బెమ్మాండంగా పడతాడు."

నోవహు ఆఫీసు గుర్తింపుకార్డు ఫోటో తప్ప దొరకలేదు. కొలతలు కుదరలేదు. సాయంత్రానికి ప్రింటు వచ్చింది. అందులో అందరికంటే అల్లుడి తల ఒకటిన్నర రెట్లుంది.

వీరయ్యగారు ఫోటోని చేతులు చాపి దూరంగా పెట్టుకుని చూశారు, దగ్గరగా పెట్టుకుని చూశారు. "మంచిగొచ్చింది గని... అల్లుని తలకాయ జెర పెద్దగ అయినట్టు లేదా?"

"అల్లుడు కదండీ" అన్నాడు బాబాయ్. "అలాగే ఉంటాది. మీరే అలవాటుపడాలి."

వీరయ్యగారు ఆ ఫోటో హాల్లో తగిలించుకున్నారు. ఇప్పుడు ఎవరొచ్చి "ఈయన ఎవలు?" అని అడిగినా, వద్దన్నా కూచోబెట్టి అరగంట చెప్తున్నారు.